తిరుగు పాట

ఆసుపత్రి నాలుగో అంతస్తులో, అద్దం తలుపు ఇవతల, చూవా గోడకి ఆనుకుని కూర్చుంది. తలుపు అవతల ఆమె కూతురు పాన్యా ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల. జ్వరంతో తీసుకొచ్చినప్పటి నుంచి కళ్ళు తెరవలేదు. మెదడువాపు అన్నారు, వానాకాలపు దోమల వల్ల వస్తుందన్నారు. పొద్దున్నే డాక్టరమ్మ బయటికొచ్చి, ఈ పూట గడవనివ్వండి చూద్దాం అంది. ఆ మాట తనకే నచ్చనట్టు వెంటనే లోపలికి వెళ్ళిపోయింది.

పిల్ల తండ్రి జోంగ్‌కి ఒక్కచోట కాలు నిలవడం లేదు. అతనికి మందుల మీద కోపం లేదు, డాక్టరమ్మ మీద అనుమానమూ లేదు. సూదులూ గొట్టాలూ ఆ చిన్న ఒంటికి చేయవలసిందంతా చేస్తున్నాయి. కాని ఒంట్లో ఉండవలసిన ప్రాణం ఒంట్లో లేదని అతను గట్టిగా నమ్మాడు. అది ఎక్కడుందో కూడా అతనికి తెలుసు. అక్కడికి తీసుకెళ్ళి వదిలిపెట్టింది తనే.

మెట్ల దగ్గరికి పోయి సొంతూళ్ళో ఉన్న మేనమామకి ఫోన్ చేశాడు. దక్షిణ చైనాలో, వెన్‌షాన్ కొండల్లోని మియావ్ జాతి ఊళ్ళలో ఎవరు పోయినా ముందు పిలిచేది ఈ లీ చా మామనే. జోంగ్‌కి కెంగ్ ఊదడం నేర్పింది కూడా ఆయనే.

"మామా, నేను జోంగ్‌ని."

"తెలుస్తూనే ఉంది, నీ రొప్పు వినపడుతోంది. పిల్లకెలా ఉంది?"

"లేవలేదు. మామా, నేనొక పని చేశాను. దారి పాట ఊదాను. ఇక్కడ పార్కులో. రోజూ సాయంత్రం."

అవతల ముసలాయన కోళ్ళని అదిలించాడు.

"ఎవరు పోయారని ఊదావు?"

"ఎవరూ పోలేదు మామా. జనానికి చూపించే ఆట కోసం."

"ఆటకా?" అన్నాడు ముసలాయన. తిట్టలేదు. తిట్టి ఉంటే జోంగ్‌కి కాస్త ఊరటగా ఉండేది.

కెంగ్ అంటే ఆరు వెదురు గొట్టాల బూర. వినడం వచ్చినవాడికి అది రాగం కాదు, మాట. మనిషి పోయినప్పుడు ఆ బూరే పోయినవాళ్ళతో మాట్లాడుతుంది. లేవమంటుంది. ఇదిగో నీ ఇంటి గడప, దాటమంటుంది. నువ్వు బతికిన ఊళ్ళన్నిటికీ చెప్పి రమ్మంటుంది. గొంగళిపురుగుల లోయ దాటించి, చలి కొండ ఎక్కించి, మూడు దార్లు చీలే చోట నడిమి దారి పట్టించి, తాతముత్తాతల వాకిట్లో అప్పగిస్తుంది. ఆ దారంతా ఊదేవాడు ముందు నడవాలి. అప్పగించాక వచ్చిన దారినే వెనక్కి రావాలి. గిరగిరా తిరుగుతూ, తన అడుగుజాడలు తనే చెరుపుకుంటూ తిరుగు పాట ఊదుకుంటూ రావాలి. రాకపోతే వాడూ అక్కడే ఉండిపోతాడు. అందుకే ఈ పాట నేర్చుకునేవాళ్ళని ఇంట్లో ఊదనివ్వరు, అడవిలోకి పొమ్మంటారు. చిన్నపిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వరు.

ఇదంతా జోంగ్‌కి తెలియక కాదు. వాళ్ళిద్దరూ పనిచేసే పార్కు ఒకటి ఈ కున్‌మింగ్ నగరంలోనే చెరువు ఒడ్డున ఉంది. టికెట్ కొన్నవాడికి ఒక్క పూటలో పాతిక జాతుల్ని చూపించి పంపిస్తారు. దాయి వాళ్ళ నీళ్ళ పండగ మామూలుగా ఏడాదికొకసారి వస్తుంది, అక్కడ రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వస్తుంది. వా వాళ్ళ మొద్దు డోలుని ఎవడు పడితే వాడు కొట్టి ఫొటో దిగొచ్చు. మియావ్ వాళ్ళ వాటాకి ఒక చెక్క ఇల్లూ, చూవా అల్లికల దుకాణమూ, జోంగ్ బూరా వచ్చాయి. అతను పండగ పాటలు ఊదేవాడు. జనం చెవులు మూసుకోకుండా వినేవారు, అంతవరకే.

ఒకనాడు, దారి పాట మర్చిపోతానేమోనన్న భయంతో అతను చెరువు గట్టు అవతలికి పోయి అది ఊదుకుంటుంటే, పార్కులో ప్రదర్శనలు చూసుకునే చియావ్ మేడమ్ చెట్టు చాటు నుంచి వింది. ఆవిడ దేశంలో ఎక్కువమందైన హాన్ జాతి మనిషి, చెడ్డది కాదు, చెవి ఉన్న మనిషి.

"ఇన్నాళ్ళూ ఇది దాచిపెట్టి ఆ పెళ్ళి బాజాలు వినిపించావా నాకు? సాయంత్రం ఆటలో ఇదే కావాలి," అంది.

"ఇది పోయినవాళ్ళకి మేడమ్."

"అర్థమయ్యేవాళ్ళు ఎవరున్నారు ఇక్కడ? మాటలే లేవు కదా."

అతను కుదరదన్నాడు. ఆవిడ బలవంతం చెయ్యలేదు. వెనక వరసలో కుటుంబాలకిచ్చే గది ఒకటి ఖాళీ అయిందనీ, పిల్లని ఊరి నుంచి తెచ్చుకుంటే పక్కనున్న బడిలో చేరుస్తాననీ, ఆటలో ఓ చిన్నపిల్ల ఉంటే ఇంకా బాగుంటుందనీ మాత్రం చెప్పింది. పాన్యా అప్పటికి నాయనమ్మ దగ్గర ఉండేది. అమ్మానాన్నల్ని సంవత్సరాది సెలవుల్లో తప్ప చూసేది కాదు, చూసినప్పుడు మొదటి రోజంతా దగ్గరికి వచ్చేది కాదు. జోంగ్ ఒక రాత్రంతా ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆ స్థితిలో ఒప్పుకోని తండ్రి ఎవరో నాకు తెలియదు.

పాట పూర్తిగా ఊదాలంటే రెండు మూడు గంటలు పడుతుంది. మేడమ్ ఇచ్చిన సమయం కప్పు టీ చల్లారేంత. పాటలో గబగబా నడిచి మూడు దార్లు చీలే చోటికి వచ్చేసరికి దీపాలు నీలంగా మారేవి, జనం చప్పట్లు కొట్టేవారు, వెనక్కాల వా వాళ్ళ డోలు మొదలయ్యేది. అతని వెనక రంగు గొడుగు పట్టుకుని, అతని అడుగులో అడుగు వేస్తూ పాన్యా నడిచేది. మొదట్లో అతను గదికి వెళ్ళాక తిరుగు పాట సన్నగా ఊదుకునేవాడు. పక్క గదులవాళ్ళు పొద్దుపోయాక ఈ గోలేమిటని విసుక్కున్నారు. కొన్నాళ్ళు మనసులోనే అనుకున్నాడు. తర్వాత ఆ అనుకోవడం కూడా మానేశాడు. ఏమీ జరగలేదు కదా మరి.

"ఎక్కడ ఆపేవాడివి?" అని ఫోన్లో అడిగాడు మామ.

"మూడు దార్ల దగ్గర."

"పిల్ల ఎక్కడుండేది?"

"నా వెనక."

"ఒరే మొద్దూ. నిండా బతికిన ముసలాళ్ళకే అక్కడ కాళ్ళు వణుకుతాయిరా. అలాంటి చోట పిల్లని నిలబెట్టి, నువ్వు చప్పట్లు కొట్టించుకుని వచ్చేశావా?"

"ఏం చెయ్యమంటావు చెప్పు మామా. ఏదన్నా చేస్తాను."

"నువ్వే పోయి తీసుకురావాలి. వేరేవాడు పిలిస్తే అది రాదు, నీ వెనకాల పోయింది కదా. ఏ చోట నిలబడి ఊదావో ఆ చోటే నిలబడి తిరుగు పాట ఊదు. చిన్నకాళ్ళు, నెమ్మదిగా నడిపించు. వెనక్కి తిరిగి చూడకు. నడిమధ్యలో ఊపిరి తెగిందా, మళ్ళీ మొదటి నుంచి."

"అలాగే."

"ఇంకో మాట విను. ఒంట్లో ఊపిరి ఉన్నంతసేపే పిలవాలి. పోయాక పిలిస్తే అది ఇటు రాలేదు, అటు పోలేదు. నేను బస్సెక్కుతున్నాను, రేపు పొద్దుటికి అక్కడుంటాను. ఈలోగా కాకూడనిది ఏదన్నా అయితే, దారి పాట నేనొచ్చి ఊదుతా. నువ్వు ముట్టుకోకు. తండ్రి ఊదకూడదు."

ఫోన్ పెట్టేసి అతను చూవా దగ్గరికొచ్చి అంతా చెప్పాడు. బూర మాట అందరికీ తెలియదు, నేర్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఆమెకి తెలియదు. పండగ పాటే అనుకుంది ఇన్నాళ్ళూ.

"నేను ముందు వరసలో కూచుని చప్పట్లు కొట్టేదాన్ని," అంది చూవా. "దాని గొడుగు వంకర పోతే సరిగ్గా పట్టుకోమని సైగ చేసేదాన్ని."

"చూవా..."

"నాకేం చెప్పకు. ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? పో."

అతను పరుగున పోయాడు.

పార్కు వెనక గేటు దగ్గర జాతో ఉన్నాడు. లాహూ జాతి కుర్రాడు, పగలు గేటు కాస్తాడు, సాయంత్రం సొరబుర్ర సన్నాయి ఊదుతూ గెంతుతాడు. తనూ ఊపిరితో బతికేవాడే కాబట్టి జోంగ్ రెండు ముక్కలు చెప్పగానే అర్థం చేసుకున్నాడు.

"బూర సామాన్ల గదిలో ఉందన్నా. తాళం మేడమ్ దగ్గరుంది," అని, కాస్త ఆగి, "కిటికీ మాత్రం నాకు అలవాటే," అన్నాడు. గోడెక్కి కిటికీలోంచి దిగి, బూర తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆట వేదిక చెరువు ఒడ్డున ఆరుబయటే ఉంది. పగటిపూట బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. జోంగ్ వేదిక మీద తను రోజూ ఆగే చోట నిలబడి కళ్ళు మూసుకున్నాడు. కెంగ్ పెదవులకి ఆనించాడు. మూడు దార్ల దగ్గర నిలబడ్డ పాన్యాని పేరు పెట్టి పిలిచాడు.

పాటలో చలి కొండ సగం దిగాడో లేదో జేబులో ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచేమోనని ఊదడం ఆపి తీశాడు. మామ.

"మొదలుపెట్టావా?" అన్నాడు ముసలాయన బస్సు రొదలోంచి.

జోంగ్‌కి ఏడుపొచ్చింది. పాట తెగిపోయింది. ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఆయనకీ ఆత్రమే. జోంగ్ కాల్ కట్ చేసి ఫోన్ జాతో చేతిలో పెట్టాడు.

"ఎవరు చేసినా నన్ను పిలవకు."

"ఆసుపత్రి నించి వస్తే?"

"ఎవరు చేసినా," అన్నాడు జోంగ్.

మళ్ళీ మూడు దార్ల దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఈసారి చియావ్ మేడమ్ వచ్చింది. కిటికీ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, విసవిసా వచ్చింది. జాతో ఎదురెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. ఆవిడ మొహం మెల్లగా పాలిపోవడం జోంగ్ చూశాడు.

"అతను నాకెప్పుడూ సరిగ్గా చెప్పలేదే," అంది ఆవిడ జాతోతో.

"చెప్పాడు మేడమ్. పోయినవాళ్ళకని చెప్పాడు. మీరు పాట బాగుందన్నారు."

మధ్యాహ్నం ఆట వాళ్ళు వేదిక సర్దుకోవడానికి వస్తే ఆవిడే వాళ్ళని, చెట్ల కింద ఆడుకోండి పొమ్మని పంపేసింది. తను పోయి చివరి బల్ల మీద కూర్చుంది.

జోంగ్ చలి కొండ దిగాడు. మంచు మెట్టు మెట్టుకీ ఆగాడు, చిన్నకాళ్ళు కదా. లోయలో గొంగళిపురుగుల మీద కాలు పడకుండా నారచెప్పులు తొడుక్కోమని పిల్లకి చెప్పాడు. పాటలో ఆ మాట లేదు, పోయినవాళ్ళకి చెప్పే మాటని వెనక్కి తిప్పి తనే అల్లుకున్నాడు. చుట్టూ జనం చేరారు. ఫోన్లు ఎత్తిపట్టుకుని, తిరగమని, గెంతమని కేకలు వేశారు. అతను తిరుగుతూనే ఉన్నాడు, వాళ్ళ కోసం కాదు. జాడలు చెరుపుకుంటూ గుండ్రంగా తిరిగాడు, ఒక కాలి మీద తిరిగాడు, నేలకి వంగి తిరిగాడు. పెదవి చిట్లి బూర నోరు ఎర్రబడింది. ఛాతీలో గాలి మిగల్లేదనుకున్న ప్రతిసారీ ఎక్కడి నుంచో ఇంకొంచెం వచ్చింది. వెనక అడుగుల చప్పుడు వినపడుతున్నట్టే అనిపించింది. వెనక్కి చూడాలని మెడ నరాలు లాగేశాయి. చూడలేదు.

లోయ దాటాడు. వెన్‌షాన్ కొండలొచ్చాయి. పాన్యా పుట్టిన ఇల్లు, నాయనమ్మ మొక్కజొన్న చేను, ఊరి బస్సు ఆగే మలుపు వచ్చాయి. పిల్ల ఇక్కడికి వచ్చేసిందని అతనికి నమ్మకం కుదిరింది. ఇక పెద్ద రోడ్డు, నగరం, చెరువు, వెనక వరసలో గది. అంతే మిగిలింది.

ఆ మలుపు దగ్గరుండగా, జాతో చేతిలో ఫోన్ వెలగడం కనపడింది. జాతో దాని వంక చూశాడు. తీయలేదు. ఆరిపోయింది, మళ్ళీ వెలిగింది. జాతో ఆ ఫోన్ని రెండు చేతులతో కప్పేసి తల తిప్పుకున్నాడు. జోంగ్ కళ్ళు గట్టిగా మూసుకుని పెద్ద రోడ్డు ఎక్కాడు. త్వరగా రా తల్లీ, త్వరగా రా అని బూర గొంతు చించుకుంది. నెమ్మదిగా నడిపించమన్న మామ మాట మర్చిపోయాడు. పిల్లని చెయ్యి పట్టుకుని ఈడ్చుకొస్తున్నట్టే ఊదాడు.

నగరం వచ్చింది. చెరువు వచ్చింది. వెనక వరస వచ్చింది.

బూర గొట్టాల మీద ఎవరిదో చెయ్యి పడింది. కళ్ళు తెరిచాడు. ఎదురుగా చూవా ఉంది. జుట్టు రేగిపోయి, ఒక కాలికి చెప్పు లేకుండా ఉంది.

"ఇంకొక్క తలుపే ఉంది," అన్నాడు జోంగ్. "పక్కకి జరుగు చూవా. ఒక్క తలుపే."

"ఇక పిలవకు."

"వచ్చేసింది. వాకిట్లో ఉంది. నువ్వు జరుగు."

"నేను పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకోనిచ్చారు," అంది చూవా. "పోయింది, జోంగ్. ఎంతసేపైందో తెలుసా? నువ్వు ఫోన్ తియ్యలేదు. అప్పటి నించీ నువ్వు పోయినదాన్ని పిలుస్తున్నావు. లోపలికి రాలేక, వెనక్కి పోలేక అది ఎంత అల్లాడుతోందో."

జోంగ్ మోకాళ్ళ మీద కూలిపోయాడు. అతని నోటి నుంచి వచ్చిన ఏడుపు విని, ఫోన్లు ఎత్తినవాళ్ళు ఒకరొకరే దించుకున్నారు. చియావ్ మేడమ్ లేచి వచ్చి, దయచేసి వెళ్ళిపోండని వాళ్ళని బతిమాలింది. కొందరు వెళ్ళారు. కొందరు దూరంగా నిలబడ్డారు.

చూవా అతని ముందు కూర్చుంది. ఆమె ఏడవడం లేదు. ఏడుపుకి ముందు చేయవలసిన పని ఒకటి ఉంది.

"దారి పాట ఊదు," అంది.

"మామ రేపు వస్తాడు."

"రేపటిదాకా అది ఒక్కతే ఎక్కడ నిలబడాలి?"

"తండ్రి ఊదకూడదు చూవా."

"ఇన్నాళ్ళూ ఊదింది తండ్రే కదా."

ఆమె అతన్ని దెప్పడానికి ఆ మాట అనలేదు. దెప్పే ఓపిక కూడా ఆమెలో లేదు.

"ఆ దారి దానికి కొత్త కాదు," అంది ఆమె. "నీ వెనకే నడిచి నడిచి అలవాటైంది. ముందు నువ్వుంటే భయపడదు. వేరే ఎవరు ముందున్నా ఏడుస్తుంది. లే."

అతను లేచి బూర ఎత్తాడు. గడప దగ్గర నిలబడ్డ పిల్లతో, అమ్మా, లోపలికి కాదు, ఇటు అన్నాడు. ఇంతసేపూ పరిగెత్తించి తెచ్చిన దారినే వెనక్కి తిప్పాడు. చెరువుకి చెప్పి రమ్మన్నాడు, బడికి చెప్పి రమ్మన్నాడు, నాయనమ్మ చేనుకి చెప్పి రమ్మన్నాడు. లోయ దాటించాడు. చలి కొండ ఎక్కించాడు. మూడు దార్లు చీలే చోటికి వచ్చేసరికి అలవాటు కొద్దీ అతని ఊపిరి ఆగబోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నడిమి దారి పట్టాడు. అక్కడి నుంచి అవతలికి ఈ పార్కులో అతను ఎన్నడూ ఊదలేదు. పిల్లకి ఆ ముక్క తెలియదు కాబట్టి మరీ నెమ్మదిగా ఊదాడు. తాతముత్తాతల వాకిలి వచ్చింది. ఇది పాన్యా, నా కూతురు, చలికి ఓర్చుకోలేదు, పొయ్యి దగ్గర చోటివ్వండి అని అప్పగించాడు.

అక్కడ ఆపేశాడు. బూర ఒళ్ళో పెట్టుకుని వేదిక అంచున కూర్చుండిపోయాడు. ఎండ చెరువు అవతలికి జారింది. జాతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెడితే తాగలేదు.

అప్పుడు చూవాకి సంగతి అర్థమైంది. ఇతను అలసి ఆగలేదు. ఆగాలనే ఆగాడు.

"తిరుగు పాట ఊదవా?" అంది.

అతను ఒళ్ళో ఉన్న బూర గొట్టాలు నిమిరాడు.

"అక్కడే దానితో ఉండిపోదామనుకుంటున్నావు."

"అది చిన్నపిల్ల చూవా."

"అవును, చిన్నపిల్లే." ఆమె గొంతు అప్పుడు పగిలింది. "ఆసుపత్రిలో దాన్ని అలాగే పడుకోబెట్టి వచ్చాను. స్నానం చేయించాలి. జడ వెయ్యాలి. నేనల్లిన లంగా తొడగాలి. ఆ చేతులు ఎత్తి నేనొక్కదాన్నే తొడగలేను జోంగ్. ఒకళ్ళు పట్టుకోవాలి. రా."

అతను ఆమె వంక చూశాడు. ఆమె చెయ్యి చాచలేదు. మళ్ళీ రమ్మనీ అనలేదు. ఊరికే కూర్చుని ఎదురుచూసింది.

చాలాసేపటికి జోంగ్ బూర ఎత్తి పెదవులకి ఆనించాడు. ఆ వాకిలికి వీపు తిప్పి తిరుగు పాట అందుకున్నాడు. మూడు దార్లు దాటాడు, కొండ దిగాడు, లోయ దాటాడు. ఎక్కడా ఆగలేదు. వెనక చిన్నకాళ్ళు లేవు కాబట్టి ఇల్లు తొందరగానే వచ్చేసింది.